హోంవర్కులో పరాయి దస్తూరి

ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాను. అందులో చివరి పదకొండేళ్లు ఆళ్లగడ్డలోని ఒక బాలికల ఉన్నత పాఠశాలలో. ఇల్లు నంద్యాలలో. పొద్దున బస్సెక్కి శిరివెళ్ల దాకా కునుకు తీసి, అక్కడ లేచి ఆ రోజు చెప్పాల్సిన పాఠం మనసులో ఒకసారి తిరగేసుకునేదాన్ని. రిటైరైన రోజు నాకు శాలువా కప్పి, నేను ఎంతో ఓపిక గల మనిషినని ఆరుగురు మాట్లాడారు. వాళ్లలో ఐదుగురు తెలియక అన్నారు. ఒక్కరు మాత్రం తెలిసీ అన్నారు. ఆమె మా సైన్సు టీచరు. వయసులో నాకు కూతురు లాంటిది. నేను ఓపిక పోగొట్టుకుని చేసిన ఒక పనికి ఆమే సాక్షి.

కొత్తగా బడుల్లో టీచర్లుగా చేరిన మీకు ఫోనులో పాఠం చెప్పడం నీళ్లు తాగినంత తేలిక. ఎలా చెప్పాలో మీకు నేర్పేంతటి దాన్ని కాను. ఫోనులో ఏం చేయకూడదో మాత్రం కొంచెం తెలుసు.

కరోనాతో బడులు మూసిన ఏడాది పదో తరగతి పిల్లలకు వాట్సాప్ గ్రూపు పెట్టమన్నారు. పిల్లల నంబర్లు అడిగితే అన్నీ నాన్నలవి, అన్నలవి, బాబాయిలవి వచ్చాయి. ఇద్దరు పిల్లలు పక్కింటి నంబరు ఇచ్చారు. నేనేమో అప్పటిదాకా ఫోనును మాట్లాడడానికి తప్ప వాడింది లేదు. కందిపప్పు డబ్బాకు ఆనించి తీసిన నా మొదటి వీడియోలో తిరిగే ఫ్యానూ, నా సగం తలా పడ్డాయి. అది చూసి సైన్సు టీచరు స్కూటీ మీద మా ఇంటికొచ్చింది. ప్లాస్టిక్ స్టూలు తిరగేసి దాని కాళ్లకు గుడ్డపీలికలతో ఫోను కట్టింది. నేను బోర్డుతో మాట్లాడుతున్నానని, పిల్లలతో మాట్లాడాలని చెప్పింది. ఆ ఫోను కంటిలోకి చూస్తూ మాట్లాడడం అలవాటు కావడానికి నాకు పది రోజులు పట్టింది.

ఒక అలవాటు మాత్రం మానుకోలేకపోయాను. క్లాసులో ప్రతి మెట్టు దగ్గరా "అర్థమైందా?" అని అడిగి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి ముఖాలు చూసేదాన్ని. వీడియోలోనూ అలాగే అడిగి అలాగే ఆగేదాన్ని. ఆ ఖాళీలు కత్తిరిస్తే వీడియో చిన్నదవుతుందని సైన్సు టీచరు అంది. నాకు మనసొప్పలేదు. ఎదుట ఎవరూ లేరని తెలిసినా, అడిగాక ఆగకపోవడం మర్యాద కాదనిపించింది.

ఇక నేను పెట్టిన నియమం సంగతి. పొద్దున ఎనిమిదికి వీడియో పంపుతాను. హోంవర్కు చేసి, నోట్సు పేజీ ఫొటో తీసి పన్నెండు లోపల పంపాలి. పంపకపోతే ఆ రోజు హాజరు లేదు. పన్నెండే ఎందుకంటే కారణం ఏమీ లేదు, నాకు వీలు. అన్నం తిని తీరిగ్గా దిద్దుకోవచ్చు. ముప్పై ఏళ్లు బడిగంట కొట్టిన వేళకు బతికినదాన్ని. ఇంట్లో కూర్చున్నా ఎవరికో ఒకరికి గంట కొట్టకపోతే తోచేది కాదు.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నోటిలెక్కల్లో చురుకు, రాతలో తొందర. అక్షరాలు గాలికి వంగిన చేనులాగా ఒక పక్కకు ఒరిగేవి. తలకట్లు సగం ఎగిరిపోయేవి. బడి ఉన్నప్పుడు ఆ నోట్సు దిద్దాలంటే కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకునేదాన్ని. వీడియో పాఠాలు మొదలైన రెండో నెలలో ఆమె నంబరు నుంచి వచ్చే పేజీలు మారిపోయాయి. నిలువుగా, గుండ్రంగా, నింపాదిగా రాసిన దస్తూరి. పెన్సిలుతో గీసిన మార్జిను. ప్రతి లెక్క చివరా "కావున జవాబు" అని రాసి దాని కింద రెండు గీతలు. ఇప్పటి పిల్లలెవరూ అలా రాయరు. ఎవరో పెద్దవాళ్లు రాసి ఇస్తున్నారని మొదటి రోజే అర్థమైంది. ట్యూషన్ మాస్టరో, ఇంట్లో చదువుకున్న చుట్టమో అనుకున్నాను.

రెండు వారాలకు పైగా చూశాను. ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడగాల్సింది. అడగలేదు. ఒకరోజు పొద్దున వీడియోతో పాటు ఒక వాయిస్ మెసేజ్ కూడా గ్రూపులో పెట్టాను. మీలో ఒకరు హోంవర్కు వేరేవాళ్లతో రాయించి పంపుతున్నారని, ఇది దొంగతనంతో సమానమని అన్నాను. పేరు చెప్పలేదు. కానీ పేరు చెప్పినదానికన్నా అన్యాయమైన పని ఇంకొకటి చేశాను. ఆమె పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన ఫొటోలు పెట్టాను. ఆ ఒరిగిన దస్తూరి ఎవరిదో తరగతిలో అందరికీ తెలుసు.

గంట తిరక్కుండా గ్రూపులో ఆ నంబరు వెళ్లిపోయిందని ఒక లైను వచ్చింది. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. తప్పు చేసింది కాబట్టే తప్పుకుందని అనుకున్నాను. హెడ్మాస్టరుకు కూడా, దొంగను పట్టుకున్నదానిలా, కొంచెం గర్వంగానే చెప్పాను.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం మార్కులు వేయడానికి పాత పేజీలన్నీ వరసగా చూస్తూ ఆ అమ్మాయి పేజీల దగ్గరికొచ్చాను. అన్నీ ఒకచోట చూస్తే అంతకుముందు కనబడనిది కనబడింది. మొదటి రోజుల్లో ఆ గుండ్రటి దస్తూరి సమీకరణంలో పదాన్ని అవతలి పక్కకు తీసుకుపోయినప్పుడు గుర్తు మార్చడం మరిచిపోయింది. నాలుగు రోజుల తర్వాత మరిచిపోయి, కొట్టేసి, సరిచేసింది. మరో వారానికి ఆ తప్పే లేదు. దాని బదులు కొత్త పాఠంలో కొత్త తప్పు. ట్యూషన్ మాస్టర్లు చేసే తప్పులు కావివి. ఎవరో నేర్చుకుంటున్నారు. నా వీడియోలు చూసి, నా లెక్కలు ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నారు. అంతకాలం లెక్కలు దిద్దినదాన్ని, దస్తూరి చూశానే తప్ప తప్పుల్ని చూడలేదు.

రాకపోకలు కొంచెం సడలగానే సైన్సు టీచరు స్కూటీ వెనక కూర్చుని ఆళ్లగడ్డ వెళ్లాను. నాలుగు రోడ్ల కూడలి దాటి, శిల్పాలు చెక్కే షెడ్ల వెనక వీధిలో వాళ్లిల్లు. ఉలి చప్పుడు ఇంట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. పరుపులు, దిండ్లు కుట్టి, ఆటోలో ఊరూరా తిరిగి అమ్మే ముస్లిం కుటుంబం. ఆ ఏడాది పరుపులు కొనే మనిషి లేడు. అమ్మాయి తండ్రి గడప దగ్గర కూర్చుని పాత పరుపులోంచి దూది లాగుతున్నాడు. నేనెవరో చెప్పగానే చేతిలో దూది కింద పెట్టాడు. కూర్చోమనలేదు.

"మా పాపను దొంగను చేసి ఫొటో పెట్టిన లెక్కల మేడం మీరేనా?" అన్నాడు.

నేనేనన్నాను. పాప ఉందా అని అడిగాను.

"లేదు. పత్తి తీసేకి పోయింది. పొద్దున ఆరుకు పోతే మూడుకు వస్తాది. ఇంగ బడి తెరిచినా పోనంటాంది."

లోపలి గదిలోంచి అమ్మాయి తల్లి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయేమో. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడింది. గోడ పట్టుకుని నడుస్తోంది. ఆమె చేతిలో రెండు నోటు పుస్తకాలున్నాయి. నన్ను చూసి నమస్కారం పెట్టబోతే ఒకటి జారి కింద పడింది. తీసి చూశాను. గుండ్రటి దస్తూరి.

"రాసింది నేనే టీచర్," అంది. "పాప పనికి పోతాంది. మధ్యాన్నం ఈయప్ప ఆటో తీసుకోని పోతే ఫోను ఆయప్పతోనే పోతాది. పన్నెండు లోపల పంపకుంటే హాజరు లేదంటిరి. అందుకని నేను ఇని, రాసి పంపిస్తాంటి. పాప వచ్చినంక దానికి నేను చెప్తాంటి. మోసం చెయ్యాలని కాదు."

రెండో పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. అవే లెక్కలు, ఒరిగిన అక్షరాల్లో, తలకట్లు లేకుండా. ప్రతి లెక్క పక్కనా తల్లి పెట్టిన పెన్సిల్ టిక్కు. గ్రూపులోంచి వెళ్లిపోయేదాకా ఒక్క రోజు కూడా తప్పిపోలేదు. పొద్దంతా చేలో వంగి పత్తి తీసివచ్చిన పిల్ల సాయంత్రం కూర్చుని నేనిచ్చిన ప్రతి లెక్కా చేసింది. నాకు పంపలేకపోయింది, అంతే. ఎందుకంటే పన్నెండు దాటిపోయి ఉండేది.

ఎంతవరకు చదువుకున్నావమ్మా అని అడిగాను. ఎనిమిది అంది. మరి పదో తరగతి లెక్కలు ఎవరు చెప్పారు అన్నాను.

"మీరే గదా టీచర్. అర్థమైందా అని అడిగి మీరు కొంచేపు ఆగుతారు. నేను ఈడ్నుంచి అయింది టీచర్ అని చెప్తాంటి. కాకుంటే కాలేదంటాంటి. అప్పుడు ఎనక్కి జరిపి మళ్ళా ఇంటాంటి."

సైన్సు టీచరు తల తిప్పుకుని వీధిలోకి చూసింది. నేను తల దించుకున్నాను. నా పాఠాల్లో ఆ ఖాళీలకు బదులు చెప్పినవాళ్లు ఒకరున్నారని, వాళ్లను నేను గ్రూపులో నిలబెట్టి దొంగన్నానని అప్పుడు నాకు పూర్తిగా ఎక్కింది. తప్పు నాదేనని ఆ తల్లితో, తండ్రితో చెప్పాను.

తండ్రి మెత్తబడలేదు. "ఇంట్లోకొచ్చి మెల్లిగ చెప్తే ఎట్ల మేడం. మీరు అన్నింది అందరి ముందర. మా అన్న కూతురు గూడ ఆ గ్రూపులోనే ఉండాది. మా పాప వాళ్లింటికి పోయేది మానేసింది. ఆడ అన్నింది ఆడనే చెప్పండి."

మూడింటికి అమ్మాయి వచ్చింది. జుట్టులో పత్తి పీచు, చేతులకు గీరుకున్న గుర్తులు. నన్ను చూసి గడప దగ్గరే ఆగిపోయింది. నేను పేరు పెట్టి పిలిచాను. పలకకుండా వెనక్కి తిరిగి పెరట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. మేం వచ్చేసేదాకా ఆమె మళ్లీ ఇంట్లోకి రాలేదు.

హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, గ్రూపులో క్షమాపణ చెప్తానన్నాను. ఆయన మంచివాడే. కానీ ఉద్యోగం తెలిసిన మంచివాడు. ఒకసారి గొంతు రికార్డు చేసి పంపితే అది ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో ఉండదని, ఎవరైనా పై ఆఫీసుకు పంపితే సంజాయిషీ రాసుకోవాల్సి వస్తుందని, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉందని గుర్తు చేశాడు. బడి తెరిచాక అమ్మాయిని పిలిచి నచ్చచెబుదాం, అంతదాకా ఊరుకోండి మేడం అన్నాడు. నిజం చెప్పాలంటే మర్నాడు మధ్యాహ్నం దాకా నేను ఊరుకున్నాను. ఆ సలహా ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత కూర్చుని రికార్డు చేశాను. పంపేముందు సైన్సు టీచరుకు వినిపించాను. మొదటిది నాలుగు నిమిషాలుంది. క్రమశిక్షణ ఎందుకు అవసరమో, ఆ రోజు నాకెందుకు అలా అనిపించిందో అందులో వివరంగా ఉంది. రెండోది మూడు నిమిషాలు. రెండూ విని ఆమె నెమ్మదిగా, "బాగుంది మేడం. ఇందులో క్షమాపణ యాడుంది?" అని అడిగింది.

మూడోది అర నిమిషం కూడా లేదు. "నేను మీ లెక్కల టీచర్ని. నెల కిందట ఈ గ్రూపులో రెండు పేజీలు పెట్టి ఒక అమ్మాయిని దొంగ అన్నాను. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. ప్రతి రోజూ ప్రతి లెక్కా చేసింది. తప్పు నాది. ఆ అమ్మాయినీ, వాళ్లమ్మగారినీ మీ అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను. రేపటినుంచి పన్నెండు గంటల నియమం లేదు. ఎప్పుడు వీలైతే అప్పుడు పంపండి."

పంపి, ఫోను స్టూలు మీద బోర్లించి వంటింట్లోకి వెళ్లిపోయాను. సాయంత్రం చూస్తే గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు. నాకు విడిగా మాత్రం మెసేజ్‌లు వచ్చాయి. ఒకమ్మాయి బట్టల అంగట్లో పనికి పోతోంది, హోంవర్కు వాళ్లక్క రాస్తోంది. ఇంకొకమ్మాయి చెల్లెళ్లను చూసుకుంటూ పక్కింటి అమ్మాయి పేజీలే ఫొటో తీసి పంపుతోంది. మరొకమ్మాయి, తన దగ్గర ఫోనే లేదని, ఇప్పుడు ఈ మాట చెప్పడానికి కూడా వేరేవాళ్ల ఫోను అడిగి తీసుకున్నానని చెప్పింది. అందరికీ నేను హాజరు వేస్తూ వచ్చాను. ఎవరు రాశారని మాత్రం ఆ ఒక్కరి పేజీల గురించే గొడవ చేశాను.

వాళ్ల పెదనాన్న కూతురు నా మాటలు వినిపించిందట, మూడో రోజు ఆ నంబరు గ్రూపులోకి తిరిగొచ్చింది. సాయంత్రం ఆరింటికి ఒక ఫొటో. ఒరిగిన అక్షరాలు, ఎగిరిపోయిన తలకట్లు, మూలన ఏదో నూనె మరక. అంత వికారమైన పేజీని చూసి అంత సంతోషం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

బడులు తెరిచాక అమ్మాయి వచ్చింది. నాతో లెక్కల మాట తప్ప వేరే మాట మాట్లాడడానికి ఇంకో నెల పట్టింది. అది ఆమె హక్కు. నేనూ తొందరపెట్టలేదు. పది పాసై, ఇప్పుడు డిప్లొమా చదువుతోంది. నేను మాత్రం ఇక్కడితో ఆపలేను.

పిల్లలు బడికి వస్తున్నారు కదా అని వీడియోలు ఆపేశాను. రెండు వారాలకు అదే నంబరు నుంచి వాయిస్ మెసేజ్. తల్లి గొంతు. "టీచర్, పాఠాలు నిలిపేసినారు. శ్రేఢుల పాఠం తర్వాత ఏముండాది?" అంతే. ఆమెకు ఏం బదులివ్వాలో ఆ పూటంతా ఆలోచించి, ఓపెన్ స్కూలులో పదో తరగతి కట్టమని చెప్పాను. ఈ వయసులో పాసై ఏం చేస్తావని భర్త అడిగాడట.

"పాసైతానని చెప్పినా టీచర్," అంది. "అంతకు మించి నాకేం తోచలే."

ఆమె ఎనిమిది దాకా చదివిన బడి కొలిమిగుండ్ల దగ్గర ఒక పల్లెలో. ఆ చదువుకు రుజువుగా బడి ఇచ్చే రికార్డు షీటు కోసం భర్తే ఆటోలో వెళ్లి తెచ్చాడు. ఆమె కోసం వీడియోలు మళ్లీ మొదలుపెట్టాను. సైన్సు టీచరు సైన్సు చెప్పింది. ఇంగ్లీషు కూతురు చెప్పింది. ఆమె దూదిమూటకు ఫోను ఆనించుకుని, పరుపు కుట్టుకుంటూ వినేది. వీడియోలో నేను ఆగిన చోట సూది ఆపేదట.

పరీక్ష సెంటరు నంద్యాలలో పడింది. అప్పటికి నేను రిటైరై ఇంట్లోనే ఉన్నాను కాబట్టి లెక్కల పరీక్ష రోజు గేటు దాకా తోడు వెళ్లాను. ఫోను లోపలికి తీసుకుపోకూడదని పోలీసు చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. ఫోను పక్కన లేకుండా ఒక్క లెక్కా చేసిన మనిషి కాదు. కాసేపు దాన్ని అలా పట్టుకుని నిలబడి, నా చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

గంట తర్వాత ఆ ఫోను మోగింది, ఏదో తెలియని నంబరు. భర్త. "మేడం, బాగ రాస్తాండాదా?" అని అడిగాడు. నేను బయట చెట్టు కింద ఉన్నానని, లోపల ఏం జరుగుతోందో నాకు తెలియదని చెప్పాను. సరేనన్నాడు. ఇంకో గంటకు మళ్లీ చేసి, మళ్లీ అదే అడిగాడు. ఈసారి నేను, బాగా రాస్తోందని చెప్పాను.

లెక్కల్లో ఎనభై దాటాయి. ఇంగ్లీషులో తప్పింది. పదిహేను రోజులు నా ఫోనులకు బదులు పలకలేదు. తర్వాత తనే చేసి, మళ్లీ ఫీజు కట్టినానంది. రెండోసారి పాసైంది.

మార్కుల మెమో వచ్చాక దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నంద్యాల మా ఇంటికొచ్చింది. బస్సు దిగి అంత దూరం నడిచిందేమో, చెమటలు పట్టి ఉంది. మంచినీళ్లు కూడా తాగకుండా మెమో నా ఒళ్లో పెట్టింది. తన పేరు మీద వేలు పెట్టి చదివింది. దాని కింది వరస మీద వేలు పెట్టి ఆగిపోయింది.

"ఈడ మా నాయన పేరు ఏసినారు టీచర్," అంది.

అందరికీ వేస్తారమ్మా అన్నాను.

"నన్ను బడి మానిపిచ్చింది మా నాయనే. కాలు బాగలేని పిల్ల, అంత దూరం యాడ పోతాదిలే అని. పోయే ముందర మంచంలో ఉన్నెప్పుడు ఒకసారి అడిగినాడు, నీకు లెక్కలు ఇంగా గుర్తుండాయామ్మా అని. లేవు నాయనా, అన్నీ మర్సిపోయినా అని చెప్పినా."

"ఎందుకట్లా చెప్పావు?"

"ఉండాయంటే బాధపడ్తాడని."

ఆమె దాన్ని నా ఒళ్లోంచి తీసుకుని, పైటకొంగుతో ఒకసారి తుడిచి, మడత పడకుండా కవర్లో పెట్టుకుంది.

"ఇప్పుడడిగింటే ఉండాయని చెప్తాంటి," అంది.